చినుకు చెక్కిన నేల

హైదరాబాద్ నుంచి బెజవాడ వెళ్లే బాటలో ఎల్బీ నగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ దాటాక పెద్ద అంబర్‌పేట్ వస్తుంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు నగరానికి తూర్పున 65వ నంబరు జాతీయ రహదారిని దాటేది ఇక్కడే. లారీలు ఆగుతాయి. దాబాల పొయ్యిలు రాజుకుంటాయి. రహదారికి కాస్త లోపల, తోటల మధ్య, రాత్రి బస చేసే ఇళ్లు వెలిశాయి. తెల్లారగానే అందరూ బండెక్కేస్తారు, కొందరు బెజవాడ వైపు, మరికొందరు నగరంలోకి. కిటికీలోంచి కనిపించిన గుట్టలు వెనక్కి పోతూనే ఉంటాయి. దిగి చూసేవాళ్లు తక్కువ.

ఈ దారిన ఆగి అలసట తీర్చుకోవడం నిన్నమొన్నటి అలవాటు కాదు. గోల్కొండ సరుకు మచిలీపట్నం రేవుకు బండ్ల మీద సాగిన కాలం ఒకటుంది. 17వ శతాబ్దంలో టావెర్నియే, తెవెనో అనే ఫ్రెంచి యాత్రికులు ఆ ప్రయాణం చేసి, చూసింది రాసిపెట్టారు. హయత్‌నగర్‌లో హయత్ బక్షీ బేగం పేరిట ఉన్న మసీదును చూస్తే ఆ కాలం కళ్ల ముందు నిలుస్తుంది. ఆమె ముహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి. మసీదు ఆవరణ చుట్టూ కమానుల గదులు వరసగా ఉంటాయి. బాటసారులు రాత్రి తలదాచుకున్న సరాయి అది. దగ్గర్లోనే హాథీ బావి అని పిలిచే పెద్ద బావి ఉంది. నీడ, నీళ్లు, నాలుగు గోడలు దొరికితే ఆనాటి ప్రయాణికుడు అక్కడ ఒక పూట ఎక్కువే ఉండేవాడు.

ఇవాళ పెద్ద అంబర్‌పేట్‌లో బస చేసేవాళ్లు కూడా ఒక పొద్దు ఎక్కువ ఉండాలి. ఇక్కడ జలపాతాలు లేవు, దేవదారు అడవులు లేవు, మంచు కొండలు అసలే లేవు. ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉండే నాలుగు నెలల్లోనే కురిసి వెళ్లిపోతుంది. ఆ కాస్త నీటితో ఈ నేల ఏమేం చేసుకుందో చూడటమే ఇక్కడి యాత్ర. రాయిని గుండ్రంగా నునుపు చేసింది ఆ నీరే. ఎండిన గడ్డిని లేపేదీ, మట్టిలో నిద్రపోతున్న ప్రాణుల్ని పిలిచేదీ, చెరువుల్ని ఒకదానికొకటి ముడివేసేదీ ఆ నీరే.

ఎవరూ నిలబెట్టని బండలు

పెద్ద అంబర్‌పేట్ నుంచి అబ్దుల్లాపూర్‌మెట్, కోహెడ, అనాజ్‌పూర్ వైపు ఎటు వెళ్లినా గుట్టలు ఎదురొస్తాయి. ఒక బండ మీద ఇంకో బండ, దాని మీద మరొకటి. కింద ఆనింది జానెడు చోటు, పైన ఉన్నది ఏనుగంత రాయి. గాలివాన వస్తే దొర్లిపోతుందేమో అనిపిస్తుంది. తరాలు మారినా అది కదలదు. ఎవరో రాక్షసులు ఎత్తి పెట్టారని పిల్లలకు చెప్పుకునే కథలు ఊరూరా ఉన్నాయి.

నిజంగా జరిగింది అంతకన్నా వింత. ఆ రాయిని ఎవరూ పైకి ఎత్తలేదు. దాని చుట్టూ ఉన్న నేలే దిగిపోయింది.

ఈ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. హిమాలయాలు పైకి లేవడం మొదలై సుమారు 5 కోట్ల ఏళ్లే. మన దక్కను పడమటి భాగాన్ని కప్పేసి నల్లరేగడికి మూలమైన లావా పొంగింది సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట. ఆ లావా ఈ తూర్పు వైపుకు రాలేదు. అందుకే ఇక్కడ కాలి కింద ఎర్రమట్టి, కళ్ల ముందు పాత రాయి. భూమి లోపల కొన్ని కిలోమీటర్ల లోతున కరిగిన శిల మెల్లగా చల్లబడి గట్టిపడితే గ్రానైటు అయింది. పైన ఉన్న పొరలన్నీ కోట్ల ఏళ్లలో కొట్టుకుపోయాయి. నెత్తిన బరువు తగ్గేసరికి రాయి వ్యాకోచించింది. అడ్డంగా, నిలువుగా పగుళ్లు ఇచ్చింది. అలా భూమిలో ఉండగానే అది పెద్ద పెద్ద దిమ్మెలుగా విడిపోయింది.

ఆ పగుళ్లలోకి వాన నీరు ఇంకింది. గ్రానైటులో మెరిసే స్ఫటికం నీటికి లొంగదు, దాని పక్కనున్న ఫెల్డ్‌స్పార్ మాత్రం మెల్లగా మెత్తబడి బంకమన్ను అవుతుంది. దిమ్మె మూలల మీద నీరు మూడు వైపుల నుంచి పనిచేస్తుంది, అంచుల మీద రెండు వైపుల నుంచి, చదునైన ముఖం మీద ఒక్క వైపు నుంచే. అందుకని ముందు మూలలు అరుగుతాయి, తర్వాత అంచులు. నలుపలకల రాయి నేల లోపలే గుండ్రమవుతుంది, పై పొరలు ఉల్లిపొరల్లా విడిపోతాయి. చివరికి చుట్టూ మెత్తబడిన మొరం వానలకు కొట్టుకుపోతుంది. గట్టి రాయి మాత్రం ఉన్నచోటే మిగిలిపోతుంది. దాన్నే మనం నిలబడిన బండ అంటున్నాం. ఆ పక్కనే చెల్కలో రైతు దున్నుతున్న ఎర్రమట్టి, ఒర్రెలో మెరిసే ఇసుక కూడా ఆ గుట్ట నుంచి వచ్చినవే. రాయి, మట్టి, ఇసుక ఒకే ఇంటి బిడ్డలు.

గుట్ట ఎక్కేటప్పుడు తొందరపడకండి. బండల మీద పల్లాల్లో వాన నీరు నిలిచే చిన్న దోనలు ఉంటాయి. అక్కడికి పిట్టలు నీళ్లకు వస్తాయి. వానాకాలంలో బండ మీద ఒక తొండ తల పైకెత్తి కనబడుతుంది. జతకట్టే రోజుల్లో మగదానికి వీపు ఎర్రగా కమలాపండు రంగుకు తిరుగుతుంది, పక్కలు నల్లబడతాయి. ఇంకో మగతొండ ఎదురైతే చూస్తుండగానే ఆ రంగులు మారిపోతాయి. సాయంత్రం చీకటి పడే వేళకు రాతి అరల్లోంచి పెద్ద గుడ్లగూబ గంభీరంగా గొంతు విప్పుతుంది. రాయి చనిపోయిన వస్తువు అనుకునేవాళ్లు గుట్ట మీద ఒక సాయంత్రం కూర్చుంటే చాలు.

అక్కడికి దగ్గర్లో పరమానంద గిరి మీద సంఘీ వేంకటేశ్వరాలయం ఉంది. మెట్లెక్కి నిలబడితే రాజగోపురం అవతల ఈ గుట్టల వరస అంతా ఒక్క చూపులో అందుతుంది. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ కూడా ఈ గుట్టల మధ్యే. ఉత్తరాన ఘట్‌కేసర్ మీదుగా ఇంకా ముందుకు పోతే భువనగిరి కోట. ఒకే శిల నేల మీంచి సుమారు 500 అడుగులు లేచి నిలబడిన చోటు అది. పదకొండో శతాబ్దపు చాళుక్యుల నాటి కోట ఆ శిల మీద ఉంది.

గడ్డి మీద కృష్ణజింక

పెద్ద అంబర్‌పేట్ నుంచి నగరం వైపు తిరిగితే ఆటోనగర్ పక్కన, రహదారి చప్పుడు ఇంకా వినిపిస్తుండగానే, మహావీర్ హరిణ వనస్థలి వస్తుంది. ఒకప్పుడు నిజాం కుటుంబం వేటాడిన నేల. మహావీరుడి నిర్వాణానికి 2500 ఏళ్లు నిండిన సందర్భాన్ని పురస్కరించుకుని 1975లో దాన్ని జింకల కోసం కేటాయించారు. 1994లో జాతీయ ఉద్యానం అయింది. విస్తీర్ణం 14.59 చదరపు కిలోమీటర్లు. వేటాడిన చోటే అహింసను బోధించిన మహనీయుడి పేరు పెట్టి జంతువులకు అభయం ఇవ్వడం మన నగరం చేసిన గొప్ప పనుల్లో ఒకటి.

ఇక్కడి రాజు కృష్ణజింక. పుట్టినప్పుడు అన్నీ లేత గోధుమ రంగువే. ఆడవి జీవితాంతం అలాగే ఉంటాయి. మగవి ముదిరే కొద్దీ వీపు నలుపెక్కుతుంది, పొట్ట, కంటి చుట్టూ ఉన్న వలయం తెల్లగా మెరుస్తాయి. మెలికలు తిరిగి, కణుపు కణుపుగా ఉంగరాలతో పెరిగే కొమ్ములు మగవాటికే. బెదిరినప్పుడు మందలో ఒకటి నాలుగు కాళ్లూ ఒకేసారి లేపి గాల్లోకి ఎగురుతుంది, వెంటనే మిగతావీ ఎగురుతాయి. ఆ తర్వాత పరుగు. గంటకు 80 కిలోమీటర్ల వేగం దాకా అందుకోగల కాళ్లు అవి. ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర జంతువు ఇదే. తెలంగాణ చుక్కల జింకను ఎంచుకుంది. ఆ రెండూ ఇక్కడ కనిపిస్తాయి.

కృష్ణజింక బలమంతా చూపులోనూ పరుగులోనూ ఉంది. దూరం నుంచే ఆపదను చూడాలి, అడ్డం లేకుండా పరుగెత్తాలి. దానికి దట్టమైన అడవి పనికిరాదు. మోకాలెత్తు గడ్డి, అక్కడక్కడా తుమ్మ, చండ్ర, రేగు, మిగతా అంతా బయలు, అదీ దానికి ఇల్లు. చెట్లు లేవు కదా అని బయలంతా మొక్కలు నాటేస్తే పచ్చదనం పెరుగుతుంది, జింక మాత్రం ఇల్లు కోల్పోతుంది. వేసవిలో గడ్డి ఎండి తెల్లబడితే అది చచ్చిన నేల అనుకుంటాం. వేళ్లు కింద మేలుకునే ఉంటాయి. తొలి వానకు వారం తిరగకుండానే పచ్చపరక పైకి వస్తుంది. అప్పుడే ఈనిన జింక తన కూనను గడ్డిలో దాచి, దూరంగా మేస్తూ కనిపెట్టుకుని ఉంటుంది. ఆ కూనకు వాసన, కదలిక రెండూ తక్కువే. మన అడుగు పక్కన పడినా అది కదలదు.

పొద్దున్నే వెళ్లడం మంచిది. మెట్రోలో ఎల్బీ నగర్ దాకా వచ్చి అక్కడి నుంచి బస్సో ఆటోనో పట్టుకోవచ్చు. నెమళ్లు, ముంగిసలు, ఉడుములు, పాముగద్దలు అన్నీ ఉన్నాయి. తీగల మీద కూర్చున్న పాలపిట్ట రెక్క విప్పిన క్షణం కోసం మాత్రం ఓపిక పట్టాలి. కూర్చున్నప్పుడు మట్టిరంగు పిట్ట. ఎగిరినప్పుడు నీలం మీద నీలం. దసరా నాడు దాన్ని చూడటం శుభమని పెద్దలు ఎందుకన్నారో చూసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆరుద్ర కార్తె అతిథులు

జూన్ చివరి వారం. మృగశిర వెళ్లి ఆరుద్ర వచ్చింది. మంచి వాన ఒకటి కురిసి తెరిపి ఇచ్చింది. అలాంటి ఉదయం కోహెడ వైపు చెల్కల్లో నడిస్తే తడిసిన ఎర్రమట్టి మీద అంతకన్నా ఎర్రటి చుక్కలు కదులుతూ కనిపిస్తాయి. అవే ఆరుద్ర పురుగులు. ముఖమల్ గుడ్డను చిన్న చిన్న బంతులు చేసి వదిలినట్టుంటాయి. వేలు తగిలితే కాళ్లు ముడుచుకుని నిశ్చలమైపోతాయి. పిల్లలు వాటిని అరచేతిలోకి తీసుకోవడం మన పల్లెల్లో అనాదిగా ఉన్న ఆట.

పురుగు అంటున్నాం గానీ కాళ్లు లెక్కపెడితే ఎనిమిది. సాలీడు బంధువు ఇది. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టి లోపలే ఉంటుంది. నేల తడిసిందన్న కబురు అందగానే పైకి వస్తుంది. అదే వానకు పుట్టల్లోంచి ఉసిళ్లు లేస్తాయి, ఆ రెక్కల చెదలే ఈ పురుగుకు ఆహారం. తిని, జతకట్టి, మళ్లీ మట్టిలోకి దిగిపోతుంది. పిల్లలు కొంతకాలం మిడతల వంటి వాటిని అంటిపెట్టుకుని బతుకుతాయి. ఆరుద్ర పురుగు కనబడితే నేల విత్తనానికి సిద్ధమైందని రైతు నమ్ముతాడు. అందులో అనుభవం ఉంది. ఆ పురుగు పైకి రావాలంటే పైపైన చల్లిన జల్లు చాలదు, తడి లోపలికి దిగాలి. విత్తనానికి కావలసిందీ అంతే. మందులు చల్లి, కాంక్రీటు పోసి నేలను మూసేసిన చోట ఈ అతిథి రాదు. ఒక ఊరి మట్టి ఎంత ఆరోగ్యంగా ఉందో ఆరుద్ర కార్తెలో ఒక్క ఉదయం చెప్పేస్తుంది.

అదే వానలకు ఈతచెట్లు, తాటిచెట్లు, బావుల మీదికి వంగిన తుమ్మలు గిజిగాళ్లకు వాకిళ్లవుతాయి. గూడు అల్లేది మగపిట్ట. గడ్డిపరకల్ని, ఆకు చీలికల్ని ముక్కుతో ముడివేసి, బోర్లించిన టోపీ ఆకారం దాకా అల్లి ఆగుతుంది. ఆడపిట్ట వచ్చి లోపల తిరిగి చూస్తుంది. నచ్చితేనే మిగతా పని. అప్పుడు కింది వైపు గొట్టంలాంటి దారి అమరుతుంది, లోపల తడిమట్టి ముద్దలు అంటుకుంటాయి. గూళ్లు ఎక్కువగా చెట్టుకు తూర్పు వైపే వేలాడుతాయి. నైరుతి నుంచి వచ్చే గాలివాన నేరుగా తగలకుండా చెట్టే అడ్డుగా నిలుస్తుంది. దిక్సూచి లేని పిట్టకు రుతుపవనం దారి తెలుసు.

మత్తడి దుంకే వేళ

ఈ రాతి నేలలో చాలా పొలాల దాకా నది రాదు. అందుకే మన పెద్దలు వానను పట్టి ఆపడం నేర్చుకున్నారు. రెండు గుట్టల మధ్య పల్లం చూసి కట్ట పోశారు. తూము పెట్టారు. నిండినది పొర్లడానికి మత్తడి కట్టారు. పై చెరువు మత్తడి దుంకితే ఒర్రె గుండా నీరు కింది చెరువుకు పోతుంది, అదీ నిండితే ఇంకా కిందికి. కాకతీయుల నాటి నుంచి అల్లుకొచ్చిన గొలుసుకట్టు ఇది. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రాష్ట్రంలో లెక్కకు వచ్చిన చెరువులూ కుంటలూ కలిపి 46,531.

పెద్ద అంబర్‌పేట్ నుంచి దక్షిణంగా వెళితే తుర్కయాంజాల్ దగ్గర మాసాబ్ చెరువు, ఇంకా ముందుకు వెళితే ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు. 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా కాలానిది ఆ చెరువు. మంచి వానలు పడిన ఏడు కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు నీటిలోనే కలిసిపోతుంది. ఊళ్లో చెరువు మత్తడి దుంకిందంటే అదో పండుగ. పిల్లా పెద్దా కట్ట మీదికి వచ్చేస్తారు.

చలికాలం ఇంకో అందం. నీరు కాస్త వెనక్కి తగ్గి, శిఖం అంటే చెరువు నీరు పరుచుకునే నేల అంచున బురద తేలుతుంది. ఆ బురదే వేల మైళ్ల నుంచి వచ్చే పిట్టలకు పిలుపు. ఉత్తరాది దేశాల్లో చలి ముదిరాక బాతులు దక్కను చెరువులకు దిగుతాయి. వాటిలో పట్టెతల బాతు అనే పెద్ద పక్షి హిమాలయాల మీదుగా ఎగిరి వస్తుంది. ఏడు వేల మీటర్లకు పైన ఎగిరినట్టు శాస్త్రవేత్తలు నమోదు చేశారు. అంత ఎత్తు దాటిన పక్షి చివరికి దిగేది మన తాతలు తట్టలతో మట్టి మోసి కట్టిన చెరువుల్లో. మనిషి చేతి పని ప్రకృతిలో కలిసిపోయి, ఖండాలు దాటే ప్రాణికి బస అయింది.

ఉత్తరాన బాచారం, గౌరెల్లి వైపు వెళితే మూసీ కనిపిస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, నగరం మధ్యగా వచ్చి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే నది. ఇక్కడికి వచ్చేసరికి అది నగరం మురుగంతా మోస్తూ వస్తుంది. నల్లటి నీరు, బండల దగ్గర నురగ. చూస్తే మనసు చివుక్కుమంటుంది. అయినా చూడాలి. ఎందుకంటే ఆ స్థితిలోనూ నది తన పని మానలేదు. రాళ్ల మీద పడి లేచి గాలిని కలుపుకుంటుంది. దిగువన కత్వలనే అడ్డుకట్టల దగ్గర ఆగి ఆగి మడ్డిని వదులుతుంది. అలా పోయేకొద్దీ కొంత తేరుకుంటుంది. కొంగలు, కంకణాలు ఒడ్డున ఇంకా వాలుతున్నాయి. మనం మురుగు శుద్ధి చేసి వదిలితే మిగతా పని చేసుకోగల శక్తి ఆ నదిలో ఉంది.

రాయి మీద రాయి, రాచకొండ

ఒక పూర్తి రోజు చేతిలో ఉంటే రాచకొండ వెళ్లాలి. చౌటుప్పల్ దాటి సంస్థాన్ నారాయణపురం వైపు తిరిగితే ఒక దారి, ఇబ్రహీంపట్నం, మంచాల మీదుగా ఇంకో దారి. 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల రాజధాని ఇది. రసార్ణవసుధాకరం అనే సంస్కృత లక్షణ గ్రంథం రాసిన సర్వజ్ఞ సింగభూపాలుడు ఇక్కడి ప్రభువే. కోట గోడల్లో సున్నం లేదు, గచ్చు లేదు. పెద్ద పెద్ద రాళ్లను ఒకదానిలో ఒకటి ఒదిగేలా పేర్చారు. చుట్టూ ఉన్న గుట్టలు కోట్ల ఏళ్లుగా బంధం లేకుండానే నిలబడటం చూసిన కళ్లు ఆ గోడలను కట్టాయనిపిస్తుంది. ఎక్కడ గోడ ముగిసి గుట్ట మొదలవుతుందో కొన్నిచోట్ల చెప్పలేం. నీళ్ల సీసా, టోపీ, తినడానికి ఏదైనా వెంట ఉంచుకోండి. ఎండ ముదరక ముందే ఎక్కి, పొద్దు వాలక ముందే దిగండి.

ఏ కాలంలో ఏది

మాఘం, ఫాల్గుణంలో మోదుగ ఆకు రాల్చి ఎర్రగా పూస్తుంది. వేసవిలో రేల పసుపు గుత్తులు వేలాడుతాయి. అప్పుడే రోడ్డు పక్క ముంజలు, గడ్డిఅన్నారం నుంచి బాటసింగారానికి తరలిన పండ్ల మార్కెట్టులో మామిడి. ఆరుద్రలో ఎర్ర పురుగులు, శ్రావణంలో గిజిగాళ్లు. వానలు వెళ్లే రోజుల్లో సీతాఫలాలు గుట్టల మీద కళ్లు విప్పుతాయి, బయళ్ల నిండా గునుగు, తంగేడు. చలికాలంలో బాతులు.

ఆ గునుగు, తంగేడు ఎవరూ విత్తనం వేయని పూలు. రెవెన్యూ కాగితాల్లో బంజరు అని రాసిన నేలలో పూస్తాయి. ఆడబిడ్డలు వాటిని కోసుకొచ్చి బతుకమ్మను పేర్చి, ఆడి పాడి, చెరువులో వదులుతారు. గుట్ట కింది మట్టిలో పుట్టిన పువ్వు, బయలులో పూసిన పువ్వు, చివరికి చెరువు నీటిలోకి చేరుతుంది. రాయి, గడ్డి, నీరు ఒకే కుటుంబమని మన పండుగకు ఎప్పుడో తెలుసు. అలాంటి నేలను పనికిరానిదని ఎలా అనగలం?

నగరం తూర్పుకు వేగంగా వస్తోంది. ఇళ్లు కావాలి, రోడ్లు కావాలి, అందులో తప్పు లేదు. ఏది తిరిగి వస్తుంది, ఏది రాదు అన్న లెక్క మాత్రం మనకు ఉండాలి. గడ్డి కాల్చేసినా వాన పడితే మొలుస్తుంది. పూడిన చెరువులో మట్టి తీస్తే మళ్లీ నిండుతుంది. మూసీని శుభ్రం చేయడం కష్టమే గానీ చేయగలం. మందుగుండు పెట్టి పేల్చిన గుట్టను మాత్రం ఎవరూ తిరిగి తేలేరు. హైదరాబాద్‌లో సొసైటీ టు సేవ్ రాక్స్ 1996 నుంచి చెబుతున్న మాట ఇదే. పెద్ద అంబర్‌పేట్ చుట్టూ ఇంకా నిలబడి ఉన్న బండలకు కూడా ఆ మాట వర్తిస్తుంది. స్థలం కొనేవాళ్లు శిఖం హద్దు అడగాలి. లేఅవుటు వేసేవాళ్లు గుట్టను పార్కుగా వదలాలి. బడులు పిల్లల్ని ఏడాదికొకసారి ఈ బండల దగ్గరికి తీసుకురావాలి. ఇక్కడ బస చేసే ప్రయాణికుడు పొద్దున్నే లేచి, అన్నిటికన్నా ముందు రాళ్లను చూడాలి. తిరిగి రానిదాన్ని ముందుగా తెలుసుకోవాలి, ముందుగా కాపాడుకోవాలి.